నీళ్ళు తేటపడేదాకా

ఊరికంతా తాగునీరిచ్చే ఆ సరస్సుకు మూడు వైపుల అడవి, నాలుగో వైపు నీటి సరఫరా కార్యాలయం. కార్యాలయం కింది అంతస్తులో ప్రయోగశాల. అందులో పనిచేసే ఆవిడను అందరూ ల్యాబు మేడం అనేవారు. వారానికోసారి పడవలో సరస్సు మధ్యకు వెళ్ళడం, పైన, నడుమ, అడుగున నీళ్ళు సీసాలకు పట్టుకురావడం, వాటిని వడకట్టి యంత్రంలో పెట్టి అందులో కరిగిన కర్బనం ఎంతుందో చూడడం ఆమె పని. ఆకులూ వేళ్ళూ నాచూ కుళ్ళి నీళ్ళలో కలిసిపోయాక మిగిలేది ఆ కర్బనం. వడపోత కాగితానికి చిక్కదు. వానాకాలంలో పెరుగుతుంది, చలికాలంలో తగ్గుతుంది. పెరిగినప్పుడు నీళ్ళు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్ళలో క్లోరిన్ కలిపితే ఒంటికి పడని పదార్థాలు పుడతాయి కాబట్టి, మేడం లెక్క చెప్పాకే పైనవాళ్ళు మందు మోతాదు తేల్చేవారు.

పడవ నడిపేవాడు సరంగు. అది అతని పేరు కాదు. నలుగురు పట్టే చిన్న పడవను మహాసముద్రంలో ఓడ నడుపుతున్నంత దర్జాగా నిలబడి నడిపేవాడని ఎవరో అలా పిలిచారు, అదే అతుక్కుపోయింది. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూడడానికి నలుపు తెలుపు రంగులు వేసిన ఒక పళ్ళేన్ని తాడుకు కట్టి లోపలికి దించుతారు. అది కనబడకుండా పోయే లోతును గుర్తు పెట్టుకుంటారు. సరస్సు మధ్యకు చేరగానే సరంగు, "వడ్డించమంటారా మేడం?" అనేవాడు ఆ పళ్ళెం చేతబట్టి. ఇన్నేళ్ళుగా అదే మాట. ఆవిడకు నవ్వు రావడం ఎప్పుడో మానేసింది, కానీ అతను అనని రోజు మాత్రం ఏదో వెలితిగా ఉండేది.

ఒంటికి తొడుక్కోవలసిన తేలుడు జాకెట్టును మడిచి అతను ఎప్పుడూ కూర్చునే బల్ల మీద పరుచుకునేవాడు. మేడం కోప్పడితే, "ఇదీ ప్రాణరక్షణే కదండీ. ఈ చెక్క మీద కూర్చుంటే ముందు పోయేది నా నడుమే" అనేవాడు.

ఆ ఏడు తొలి పెద్దవాన గాలితో కలిసి వచ్చింది. నీళ్ళు పట్టే చోటుకు గుర్తుగా సరస్సు మధ్య ఒక డ్రమ్ము తేలుతూ ఉండేది. అది గాలికి లంగరు తెంపుకుని కొట్టుకుపోయింది. వాన కాస్త తెరిపి ఇవ్వగానే, కొత్త రాయీ కొత్త తాడూ పడవలో వేసుకుని, డ్రమ్మును పట్టి మళ్ళీ కట్టి వస్తానని సరంగు ఒక్కడే బయల్దేరాడు. మేడం లోపల సీసాలు కడుక్కుంటోంది. ఇంజను చప్పుడు దూరమవడం వింది. తిరిగి వచ్చే చప్పుడు మాత్రం వినలేదు.

పొద్దు వాలేసరికి పడవ అవతలి గట్టు రెల్లులో దొరికింది. ఇంజను పైకెత్తి ఉంది. డ్రమ్ము దగ్గర్లోనే ఊరికే తేలుతోంది. మడిచిన జాకెట్టు బల్ల మీద అలాగే ఉంది. మనిషి లేడు, రాయీ తాడూ లేవు.

పక్క ఊరి నుంచి గజ ఈతగాళ్ళు వచ్చారు. వారం తిరక్కుండానే చేతులెత్తేశారు. వాళ్ళ పెద్ద గట్టు మీద కూర్చుని తల తుడుచుకుంటూ, "కళ్ళ ముందు పెట్టుకున్న నా చెయ్యి నాకే కనపడ్డంలేదు. అడుగంతా మునిగిపోయిన చెట్లే. తడుముకుంటూ పోతే మాలో ఒకడు మిగిలిపోతాడు" అన్నాడు.

"పైకి తేలడా?" అని ఎవరో గొంతు తగ్గించి అడిగారు.

"అడుగున అంత చలుంటే తేలడండీ" అన్నాడు అతను.

సరంగు భార్య కొంచెం దూరంలో నిలబడి ఆ మాట విన్నది. ఆమె దర్జీ. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు కుట్టేది. ఊరికి ఆమె టైలరమ్మ. పిల్లలు లేరు. ఇంట్లో ఆమె, మొగుడు, అత్తగారు, ముగ్గురే. ఆ రోజు ఆమె ఏడవలేదు. మెడలో కొలత టేపు వేసుకునే వచ్చేసింది. దాన్ని చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

శవం దొరక్కపోతే ఊరి నోరు ఊరుకోదు. నెల తిరిగేసరికి కొత్త మాట పుట్టింది. సరంగు మునగలేదట, పారిపోయాడట. పడవ అవతలి గట్టున వదిలేసి, అడవి దాటి, రోడ్డెక్కి వెళ్ళిపోయాడట. ఎవత్తెనో తగులుకున్నాడట. నది ఒడ్డు పట్నంలో బస్సు స్టాండు దగ్గర ఎవరో చూశారట కూడా. "ఎవరు చూశారు?" అని టైలరమ్మ అడిగితే ప్రతివాళ్ళూ పక్కవాళ్ళను చూపించారు. నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా అన్నారు.

ఇంట్లో అత్తగారు అంతకంటే ఘోరంగా ఉంది. సంధ్యవేళ గుమ్మంలో కూర్చుని, దారినపోయేవాళ్ళకు వినబడేలా కొడుకును తిట్టేది. "వెధవ! వాళ్ళ నాన్న బుద్ధే వచ్చింది. పెళ్ళాన్నీ తల్లినీ గాలికొదిలేసి పోయాడు. తిరిగొస్తే గడప తొక్కనిస్తానా!"

"అత్తయ్యా, కాస్త మెల్లిగా" అనేది కోడలు లోపలి నుంచి.

"ఎందుకే మెల్లిగా? తప్పు చేసింది నేనా?"

ఒక రోజు టైలరమ్మ ప్రయోగశాల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మేడం కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఒక్క మాట అడిగి పోతాను మేడం. ఈ నీళ్ళు ఎప్పుడు తేటపడతాయి?"

మేడంకు ఆ ప్రశ్న వెనక ఉన్నది అర్థమైంది. కిటికీలో వరుసగా పెట్టిన సీసాలను చూపించింది. కిందటి వేసవిలో పట్టినవి కన్నీళ్ళంత తేటగా ఉన్నాయి. నిన్న పట్టినవి ఎర్రగా ఉన్నాయి.

"వానలకు అడవిలో కుళ్ళిన ఆకంతా వాగుల్లోంచి వచ్చి చేరుతుందమ్మా. ఆ రంగు అదే. చలికాలంలో వాగులు తగ్గుతాయి, కొత్త రంగు రావడం ఆగుతుంది. ఆ తర్వాత ఎండలు మొదలైతే ఉన్న రంగును ఎండ విరిచేస్తుంది. ఆరేసిన రంగు గుడ్డ వెలిసిపోదూ? అలాగే."

"అయితే వేసవికి."

"వేసవి మొదట్లో. బాగా ఎండలు ముదిరితే మళ్ళీ నాచు పెరిగి పచ్చబడుతుంది. ఎరుపు పోయి, పచ్చదనం ఇంకా రాని రోజులు కొన్నుంటాయి. అప్పుడు అడుగుదాకా కాకపోయినా చాలా లోతు కనబడుతుంది."

టైలరమ్మ తల ఊపింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మీ మిషను లెక్క చెప్తుందంట కదా, నీళ్ళలో ఏమేం కరిగిందో. ఆ లెక్కలో మా ఆయన కూడా ఉన్నాడా?"

మేడం కిటికీలోని ఒక సీసాను అటు తిప్పి పెట్టింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, తనకు తెలిసిన నిజం చెప్పింది. "అంత నీటిలో ఒక మనిషి లెక్కలోకి రాడమ్మా."

మాట బయటికి వచ్చాక గానీ అది ఎలా వినబడుతుందో తెలియలేదు. టైలరమ్మ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, "అవును. ఊళ్ళోనూ రావట్లేదులెండి" అని వెళ్ళిపోయింది.

ఇక రాదనుకుంది మేడం. కానీ మళ్ళీ వారం వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. నీళ్ళు పట్టే రోజు ఆమెకు తెలుసు, ఇన్నేళ్ళూ మొగుడు ఆ రోజు పెందలాడే లేచి వెళ్ళేవాడు కదా. సాయంత్రం దుకాణం మూసి వచ్చేది. కొత్త సీసాను కిటికీ వెలుగుకు పట్టుకుని చూసేది. దారాలు ఎంచే కన్ను. వారం వారానికీ రంగులో వచ్చే తేడా, మేడంకు యంత్రం చెబితే తప్ప తెలియనిది, ఆమెకు తెలిసినట్టే ఉండేది. కొన్నిసార్లు తప్పు చెప్పేది కూడా. తగ్గని వారం తగ్గిందనేది. మేడం దిద్దేది కాదు.

చలి ముదిరింది. వాగులు సన్నబడ్డాయి. లెక్క కొద్ది కొద్దిగా దిగుతూ వచ్చింది. పళ్ళెం కొంచెం కొంచెం లోతుకు కనబడసాగింది. ఇప్పుడు పడవ నడపడానికి పంపుల దగ్గరి మనిషిని ఇచ్చారు. అతను కూర్చుని నడుపుతాడు, మాట్లాడడు. మేడం నీటి మీదికి వంగి తాడు వదులుతున్నప్పుడల్లా, ఆ తెల్లటి ముక్క కిందికి పోతూ మసకబారుతున్నప్పుడల్లా, కళ్ళు మూసుకోవాలనిపించేది. చూడడం ఆమె పని. మూసుకోవడానికి వీల్లేదు.

ఇంట్లోనూ మేడంకు ఆ నీళ్ళే వచ్చేవి, ఊరందరికీ వచ్చినట్టే. అవి శుద్ధమైనవని తన చేతుల మీదుగా తేల్చి పంపినవే. అయినా గ్లాసు ఎత్తేటప్పుడు ఒక్క క్షణం చెయ్యి ఆగేది. మొగుడు గమనించి, "నువ్వే తాగకపోతే ఊరికేం చెప్తావు?" అని నవ్వేవాడు. ఆవిడ తాగేసేది.

శీతకాలం వెళ్ళిపోతోందనగా, ఎండ కాస్త కాస్తున్న రోజుల్లో, గోరుచుట్టు మీద రోకటిపోటులా అకాలవర్షం పడింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. ఎండిన వాగులన్నీ అడవిలో మిగిలిన చెత్తనంతా ఒక్కసారిగా తెచ్చి పడేశాయి. ఆ వారం సీసా మళ్ళీ డికాషనే.

టైలరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. వెలుగుకు ఎత్తి చూడలేదు. బల్ల మీద పెట్టేసింది.

"ఏం మేడం, మళ్ళీ మొదటికొచ్చిందా?"

"మొదటికి కాదమ్మా. ఇది త్వరగా పోతుంది. ఎండలొస్తున్నాయి..."

"మీరు చెప్పింది అబద్ధమని అనట్లేదు. నాకే ఓపిక అయిపోయింది." ఆమె మొదటిసారి కుర్చీలో కూర్చుంది. "మా అత్తయ్య మాటే నిజమేమో. అక్కడ వెతకాల్సింది ఇక్కడ వెతుకుతున్నానేమో."

మర్నాడు ఆమె దుకాణం తెరవలేదు. పెళ్ళినాటి ఫొటో ఒకటి సంచీలో పెట్టుకుని నది ఒడ్డు పట్నానికి బస్సెక్కింది. బస్సు స్టాండులో టికెట్లిచ్చేవాళ్ళకు, పళ్ళమ్మేవాళ్ళకు, చెప్పులు కుట్టేవాళ్ళకు చూపించింది. రేవులో పడవలవాళ్ళ దగ్గరికి పోయింది, మనిషికి వేరే పని రాదు కదా అని. ఒక ముసలి పడవవాడు ఫొటోను ఎండకు అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ చొక్కా బాగుందమ్మా. ఎవరు కుట్టారు?" అన్నాడు.

"నేనే" అని ఫొటో తీసేసుకుంది.

తిరుగు బస్సులో ఆమెకు ఏడుపు వచ్చింది. ఆ ముసలాయన, "అవును, చూశాను, ఇక్కడే ఉన్నాడు, ఇంకో ఆడమనిషితో ఉన్నాడు" అంటే బాగుండునని తను అక్కడ నిలబడి ఎంతగా కోరుకుందో బస్సు కదిలాక తెలిసింది. ఆ మాట తర్వాత మేడంతో తనే చెప్పింది.

అకాలవర్షపు రంగు మేడం అన్నట్టే త్వరగానే విరిగింది. ఎండలు పడ్డాయి. వారం వారం పళ్ళెం లోతుకు, ఇంకా లోతుకు కనబడింది. ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. మేడం పై అంతస్తుకు వెళ్ళి ఈతగాళ్ళను మళ్ళీ పిలిపించమని పెద్ద ఆఫీసరును అడిగింది.

ఆయన నీళ్ళు నమిలాడు. "ఊరు తాగే నీళ్ళండీ అవి. అందులో మనిషి ఉన్నాడని మనమే చాటింపు వేసుకుందామా? పైగా వెళ్ళిపోయాడని ఊరంతా అంటుంటే..."

"ఊరంతా అంటే దొరికినట్టా సార్?"

"అది కాదు. కదిలించడం ఎందుకంటున్నాను. లెక్కలన్నీ బాగానే ఉన్నాయని మీరే చెప్తున్నారుగా."

"బాగానే ఉన్నాయి. లేడని తేలితే ఊరికి ధైర్యంగా చెప్పొచ్చు. ఉన్నాడని తేలితే బయటికి తియ్యొచ్చు. కానీ చూడగలిగే రోజులొచ్చాక కూడా చూడకుండా తాగించడం నా వల్ల కాదు. ఈ పనికి వేరే మనిషిని చూసుకోండి."

ఆవిడ ఎన్నడూ గొంతు పెంచిన మనిషి కాదు. ఇప్పుడూ పెంచలేదు. ఆఫీసరు కిటికీలోంచి కాసేపు సరస్సు వైపు చూసి, "పొద్దున్నే, జనం లేవకముందు కానివ్వండి" అన్నాడు.

జనం లేవకముందు అన్నా, గట్టు మీద కొంతమంది చేరనే చేరారు. టైలరమ్మ అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలావిడ దారి పొడుగునా గొణుగుతూనే ఉందట. "ఏం చూస్తారు అక్కడ? వాడు లేడక్కడ. వాడెక్కడో హాయిగా ఉన్నాడు. నన్నెందుకే లాక్కుపోతావు?"

నీళ్ళు నిలకడగా ఉన్నాయి. పై నుంచి చూస్తే మునిగిన చెట్ల కొమ్మలు కనబడుతున్నాయి. ఈతగాళ్ళ పెద్ద మేడం చెప్పిన చోటే, పాత డ్రమ్ము ఉండే తావున, ముందు దిగాడు. అక్కడేమీ లేదు. గాలి ఆ రోజు వీచిన దిక్కుగా కొంచెం కొంచెం జరుగుతూ మునిగి లేస్తున్నాడు. ఎండ ఎక్కుతోంది. నాలుగైదు సార్లు లేచాక, ఒకసారి లేచి, మామూలుగా చెయ్యి ఊపకుండా, పడవ అంచు పట్టుకుని ఊరికే ఉండిపోయాడు.

గట్టు మీద అందరికీ అర్థమైంది.

కొత్త రాయి విసిరినప్పుడు తాడు చుట్ట ఒకటి కాలికి తగులుకుంది. రాయి అతన్ని కిందికి తీసుకుపోయింది. డ్రమ్మును తాడుకు అప్పటికింకా కట్టలేదు. అంతే జరిగింది. అందులో ఏ రహస్యమూ లేదు. అడుగు చలికి మనిషి చాలావరకు మనిషిగానే ఉన్నాడు. చొక్కా చూసి టైలరమ్మ గుర్తుపట్టింది. ఆ కాలరు తను కుట్టిందే.

ఆమె అరవలేదు. అరిచింది అత్తగారు. అది ఏడుపులా లేదు. "కాదు! కాదు! వాడు కాదు!" అంటూ నీళ్ళలోకి నడిచిపోబోయింది. మేడం వెనక నుంచి పట్టుకుంది. ముసలావిడ బురదలో కూలబడిపోయి, కోడలి చీర కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకుంది.

"నేనే చెప్పానే అమ్మాయ్. నాకెవ్వరూ చెప్పలేదు. బస్సు స్టాండు మాట నేనే పుట్టించాను. పాలవాడితో అన్నాను, బట్టలుతికేదానితో అన్నాను. వాడు చెడిపోయాడని అంటే... బతికున్నట్టేగా? చెడ్డవాడైనా సరే, ఎక్కడో ఒకచోట అన్నం తింటున్నాడని అనుకోవచ్చుగా? పదిమందీ అంటుంటే నాకూ నమ్మకం కుదిరింది. నిజంగానే నమ్మాను."

టైలరమ్మ ఆమె చేతులు విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు. నది ఒడ్డు రేవులో ఎండలో ఫొటో పట్టుకుని తను నిలబడిన రోజు ఆమె కళ్ళ ముందు ఉండి ఉండాలి. చాలాసేపటికి, "లే అత్తయ్యా. తడిసిపోతున్నావు" అంది.

చెయ్యవలసినవి చేశారు. ఊరు పదిహేను రోజులు కుళాయి నీళ్ళు మరగబెట్టుకుని తాగింది, ఆ తర్వాత మరిచిపోయింది. ఆఫీసరు భయపడినంత గొడవేమీ జరగలేదు.

దినకర్మలు అయ్యాక టైలరమ్మ ఒక పని చేసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని, తన మొగుడు పారిపోయాడని ఎవరెవరు అన్నారో ఆ గడపలన్నీ ఎక్కింది. పోట్లాడడానికి కాదు. గుమ్మంలో నిలబడి, "మా ఆయన దొరికాడు. పని చేస్తూ పోయాడు. కాలికి తాడు చుట్టుకుంది. మీకు తెలియాలని చెప్తున్నాను" అనేది. పక్కన ముసలావిడ తల దించుకుని నిలబడేది. ఆ మాట పుట్టించింది ఎవరో కోడలు ఏ గడపలోనూ చెప్పలేదు. అందరూ ఒకేలా మొహం పెట్టారు. "అయ్యో, మేమెప్పుడన్నామమ్మా? ఎవరో అంటే విన్నాం" అన్నారు. మందుల దుకాణం అతను మాత్రం, "నేనన్నానమ్మా. తప్పైపోయింది" అన్నాడు. అతని దగ్గర ఒక్కచోటే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

మేడం ఆమెను చూడడానికి వెళ్ళేసరికి ఎండలు బాగా ముదిరాయి. సరస్సు పచ్చబడింది. మిషను మీద ఎవరిదో జాకెట్టు సగం కుట్టి ఉంది. టైలరమ్మ దారం కొరికి తెంపి, కూర్చోమని స్టూలు జరిపింది. అత్తగారు లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"మీకు రుణపడి ఉన్నాను మేడం. మీరు లేకపోతే దొరికేవాడు కాదు."

"ఇప్పుడు కాస్త..." అని మేడం ఆగిపోయింది. కాస్త ఏమిటో ఆమెకు తోచలేదు.

"స్థిమితంగా ఉందా అని అడుగుతున్నారు కదా. లేదు మేడం. నేనూ ఉంటుందనే అనుకున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "పారిపోయాడనుకున్నన్నాళ్ళు, నమ్మకపోయినా సరే, తిట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఆవిడ తిడుతుంటే నేను ఆయన తరఫున మాట్లాడేదాన్ని. రోజూ ఆయన గురించే పోట్లాడుకునేవాళ్ళం ఇద్దరం. ఇప్పుడు ఇంట్లో మాటే లేదు."

"ఆవిడ మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? పొద్దున లేస్తే కోపమే. మొహం చూస్తే కోపమే." ఆమె జాకెట్టును తిరగేసి కుట్టు చూసింది. "మొన్న అడిగింది, నన్ను వెళ్ళిపొమ్మంటావా అని. ఎక్కడికి పోతుంది చెప్పండి?"

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? కూర్చుని గుండీలు కుట్టమన్నాను. కళ్ళు కనబడవు, ఒకటీ సరిగ్గా రావట్లేదు. రాత్రి అవన్నీ విప్పి నేను మళ్ళీ కుడుతున్నాను."

లోపలి నుంచి దగ్గు వినిపించింది. టైలరమ్మ లేచి, గ్లాసులో నీళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేదాకా మేడం ఆ సగం కుట్టిన జాకెట్టు వైపు చూస్తూ కూర్చుంది. ఆమె చాలాసేపటి దాకా రాలేదు.